పక్షవాతమా? ఉమ్మెత్తా?
(ఒక విషపు మొక్క చరిత్ర)

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వవలసిందని మన సంఘం కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. చరిత్ర అనగానే రాజులూ, కోటలూ, యుద్ధాలూ జ్ఞాపకం వస్తాయి. మేము మెట్రిక్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తా పనికి కుదిరినవాళ్లము. శాసనాలు చదవడం మాకు చేతకాదు. రాయలవారిని గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు, ఏటా వ్రాస్తూనే ఉన్నారు. అందుచేత మేము గూడ్సు షెడ్డు వెనక, ఎవరూ నీళ్లు పోయకుండా, ఎవరూ కంచె కట్టకుండా పెరిగే ఒక మొక్క చరిత్ర వ్రాయదలచాము. అది ఉమ్మెత్త.

ఇంత పండుగపూట విషం సంగతి ఎందుకు అని చదువరులు అడగవచ్చు. ఉగాది పచ్చడిలో చేదు వేసుకుని తినేవాళ్లమే గదా మనం. కొంచెం ఓపిక పట్టి చివరిదాకా చదవమని మనవి. ఇందులో ప్రతి ఇంటికీ పనికివచ్చే మాట ఒకటి ఉంది.

ఒక వినాయకచవితి

మూడేండ్ల క్రిందటి మాట. ఖుర్దా రోడ్‌లో మా క్వార్టరుకు రెండో ఇంట్లో ఒక అత్తయ్యగారు ఉన్నారు. రక్తసంబంధం కాదు, కాలనీ వరస. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా అయినా, పెళ్లయి వచ్చిన నాటినుంచీ ఆమెకు ఇదే ఊరు. అరవై ఎనిమిదేండ్ల వయస్సులో కూడా చవితినాడు పత్రి ఇరవైయొక్క రకాలూ ఉండితీరాలని పట్టు పట్టే మనిషి. పరాయి చోట అన్ని ఆకులూ దొరకవు గదా. దొరికినవాటిలో ఎక్కువగా దొరికేది ఉమ్మెత్త. ఏకవింశతి పత్రపూజలో దత్తూరపత్రం అని చెప్పేది దీనినే. ఆ ఉదయం అత్తయ్యగారు తొమ్మిదేండ్ల మనుమణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, గోటితో కాడలు తుంచి, ఒళ్లోకి ఆకులు కోసుకువచ్చారు. ఎండకు చెమట పట్టి ఉంటుంది. ఆ చేత్తోనే కన్ను తుడుచుకున్నారు. ఆ సంగతి ఆమెకే జ్ఞాపకం లేదు.

సాయంత్రానికి వ్రతకథ పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తున్నాయన్నారు. కోడలు దీపం దగ్గర చూసి కేక వేసింది. కుడికంటి పాప నల్లగా, కంటినిండా వ్యాపించినంత పెద్దదిగా ఉన్నది. ఎడమది మామూలుగానే ఉన్నది. కాలనీ అంతా చేరింది. పక్షవాతం అన్నారు ఒకరు. ఇంకా చెయ్యి పడలేదు గనుక వెంటనే నూనె మర్దన మొదలుపెట్టాలన్నారు మరొకరు. పండుగనాడు పెద్ద డాక్టర్లు ఉండరు, ప్రొద్దున తీసుకువెళ్దామన్నారు ఇంకొకరు. ఆ మాట్లాడేవాళ్లలో మేమూ ఉన్నాము. ఈ తర్జనభర్జనలో గంటన్నర గడచిపోయింది. చివరకు భువనేశ్వర్‌లో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాము.

అక్కడి చిన్న వయస్సు డాక్టరుగారు అత్తయ్యగారిని నవ్వమన్నారు, రెండు చేతులూ ఎత్తి పట్టుకోమన్నారు, పేరూ ఊరూ చెప్పమన్నారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కాని టార్చి వేస్తే కుడికంటి పాప ముడుచుకోలేదు. తలలో రక్తస్రావమై కంటి నరాన్ని నొక్కుతున్నదేమోనని ఆయన భయం. వెంటనే స్కాన్ తీయించారు. స్కాన్‌లో ఏ దోషమూ లేదు. అప్పుడాయన కంట్లో ఏమైనా మందు వేశారా, ఏదైనా మొక్క ముట్టుకున్నారా అని అడిగారు. కొడుకు తడబడుతూ, పత్రి కోశారండీ, ఉమ్మెత్త ఆకు కూడా కోశారు అన్నాడు. డాక్టరుగారికి ఉమ్మెత్త అంటే ఏమిటో తెలియలేదు. మాకెవరికీ దానికి ఒడియా మాట తట్టలేదు. ముప్పై ఏండ్లుగా ఈ నేలమీద ఉన్నాము, దేవుడికి పెట్టే ఆకు పేరు ఈ ఊరి భాషలో చెప్పలేకపోయాము.

అప్పుడు వెనకనుంచి మనుమడు, ఒడియా బడిలో చదువుకుంటున్నవాడు, భయపడుతూ చెప్పాడు: "ఆజ్ఞా, దుదురా పత్ర."

డాక్టరుగారి ముఖం విప్పారింది. కంట్లో ఒక చుక్కల మందు వేసి చూశారు. జబ్బువల్ల విచ్చుకున్న పాప అయితే ఆ మందుకు ముడుచుకుంటుందట. ఉమ్మెత్త పసరు పట్టిన పాప ముడుచుకోదట. అది ముడుచుకోలేదు. పక్షవాతం కాదని రాత్రి అక్కడే ఉంచుకుని పంపించారు. మూడు రోజులకు కన్ను యథాస్థితికి వచ్చింది. అంత తెలిసిన కుర్రవాడు ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, గూడ్సు షెడ్డు వైపు వెళ్లవద్దని తండ్రి హెచ్చరించి ఉన్నాడు గనుక తన్నులు తినవలసివస్తుందని నోరు మూసుకున్నానన్నాడు.

ఆ రాత్రి ఆసుపత్రి బల్లమీద కూర్చున్నప్పుడే ఈ మొక్క పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలని మాకు బుద్ధి పుట్టింది. తరువాత దొరికిన పుస్తకమల్లా తిరగవేశాము. అందులో తేలిన సంగతులు క్రింద విన్నవిస్తున్నాము.

పేరులోనే ఉన్నది

ఉమ్మెత్త అనే మాట సంస్కృతంలోని ఉన్మత్త శబ్దంనుంచి వచ్చింది. ఉన్మత్తుడంటే పిచ్చివాడు. అమరకోశంలో ఈ మొక్కకు చెప్పిన పేర్లలో కితవ, ధూర్త అనేవి కూడా ఉన్నాయి. కితవుడంటే జూదరి, ధూర్తుడంటే మోసగాడు. ఒక్క మొక్కకు పిచ్చివాడు, జూదరి, మోసగాడు అని పేర్లు పెట్టారంటే, అది చేసే పని మన పూర్వులకు బాగా తెలిసి ఉండాలి. ధత్తూర అనే మరో పేరునుంచే 1753లో స్వీడన్ దేశపు లినేయస్ పండితుడు శాస్త్రంలో దీనికి దతూరా అని నామకరణం చేశాడు. అంటే ప్రపంచమంతా దీనిని మన మాటతోనే పిలుస్తున్నది.

విషమని తెలిసీ మన పెద్దలు దీనిని పారవేయలేదు. శివుడికి సమర్పించారు. మందులలో వాడారు. సుశ్రుతసంహిత కల్పస్థానంలో పిచ్చికుక్క కాటుకు చెప్పిన చికిత్సలో ధత్తూరం కనిపిస్తుంది. ఇప్పుడు కుక్క కాటుకు టీకా తప్ప వేరు దారి లేదని అందరికీ తెలిసిందే. పూర్వం ఈ మొక్కను ఎంత దగ్గరగా ఎరుగుదురో చూపడానికే ఈ మాట చెప్పాము.

బాటసారుల విషం

1563లో గోవాలో ఒక పుస్తకం అచ్చయింది. వ్రాసినవాడు గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుడు. ఈ దేశపు మందు దినుసులన్నిటినీ గురించి వ్రాస్తూ ఉమ్మెత్తను కూడా ప్రస్తావించాడు. దొంగలు దీనిని అన్నంలో కలిపి పెడతారనీ, తిన్నవారు మతి తప్పి నవ్వుతూ ఉంటారనీ, ఇల్లు దోచుకుంటున్నా అడ్డు చెప్పరనీ దాని సారాంశం. అప్పటికే ఇది పాత విద్య అన్నమాట.

19వ శతాబ్దంలో ఇది పెద్ద వృత్తి అయింది. థగ్గులను పట్టి అణచిన స్లీమన్ దొర 1844లో అచ్చయిన తన గ్రంథంలో, మెడకు రుమాలు బిగించే థగ్గులతోపాటు విషం పెట్టే దొంగలను గురించి కూడా వ్రాశాడు. ఒక ముసలి ఫకీరునూ అతని కొడుకునూ కేవలం ఒక కంబళి కోసం ఉమ్మెత్త పెట్టి పడవేసిన కథ అందులో ఉన్నది. ముసలివాడు బతికాడు, కొడుకు చనిపోయాడు. 1856లో కలకత్తాలో నార్మన్ చెవర్స్ అనే వైద్యుడు న్యాయవైద్య గ్రంథం ప్రకటించినప్పుడు ఉమ్మెత్తకు చాలా చోటు ఇవ్వవలసివచ్చింది. తరువాతి గ్రంథకర్తలు దీనికి బాటసారుల విషం అని పేరే పెట్టారు.

ఆ దొంగల పద్ధతి ఇది. సత్రంలోనో చెట్టు క్రిందనో బాటసారితో స్నేహం కలుపుకొంటారు. కులమూ ఊరూ ఒక్కటే అంటారు. పొయ్యి కలిపి వంట చేసుకుందామంటారు. గింజలు నూరి పిండిలోనో, మిఠాయిలోనో, హుక్కా పొగాకులోనో కలుపుతారు. అరగంట గంటలోపల మనిషికి నోరు ఎండుతుంది, మాట తడబడుతుంది, నడక తూలుతుంది. తరువాత గాలిలో ఏవో ఏరుతున్నట్లు, లేని దారాలు లాగుతున్నట్లు చేతులు ఆడిస్తాడు. మూట పోతుంది, ఒంటిమీది బట్ట కూడా పోతుంది. తాగి పడిపోయాడనో, వాతం కమ్మిందనో దారిన పోయేవాళ్లు తప్పుకుపోతారు. బతికి లేచినవాడికి జరిగినదేదీ జ్ఞాపకం ఉండదు. ఈ విషంలోని అసలు మోసం ఇదే. పెట్టినవాడి ముఖాన్ని తిన్నవాడి మనస్సులోనుంచి చెరిపివేస్తుంది. సాక్ష్యం లేని నేరం కోర్టులో ఎలా నిలుస్తుంది?

1853లో బొంబాయినుంచి ఠాణాకూ, 1856లో మద్రాసు రాయపురంనుంచి వాలాజా రోడ్డుకూ రైళ్లు నడిచాయి. బాటసారులు బండ్లు దిగి రైళ్లు ఎక్కారు. విషం పెట్టేవాళ్లూ వాళ్లతోపాటే ఎక్కారు. అపరిచితులు ఇచ్చిన తినుబండారాలు తినవద్దని స్టేషన్లలో మైకులో మేము రోజూ వినే ప్రకటనకు ఇంత వెనకటి చరిత్ర ఉన్నది. ఈ కాలపు దొంగలు ఎక్కువగా వాడేది నిద్రమాత్రలు. సరుకు మారింది, పద్ధతి మారలేదు.

ఇంకొక విశేషం. ఉమ్మెత్త గింజ చూపుకు మిరపగింజలాగే ఉంటుంది. రెండూ ఒకే కుటుంబపు మొక్కలు. వంకాయ, టమాటా, బంగాళాదుంప, పొగాకు కూడా ఆ కుటుంబానివే. అందుచేత ఈ రెండు గింజలనూ వేరుచేసి గుర్తించడం ఈ దేశపు వైద్యవిద్యార్థులకు ఒక పాఠం. మిరపగింజ పలుచగా, లేత పసుపురంగున, నున్నగా ఉండి నోటికి మండుతుంది. ఉమ్మెత్త గింజ మందంగా, గోధుమరంగున, చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. మంట ఉండదు, కొంచెం చేదు. చదువరులెవరూ రుచి చూసి పరీక్షించవద్దని ప్రార్థన.

ఒక పిల్లి, ఒక మహాకవి

అత్తయ్యగారి కంటికి జరిగినదే రెండు వందల ఏండ్ల క్రిందట జర్మనీలో ఒక విద్యార్థికి జరిగింది. అతని పేరు రుంగే. బెల్లడోన్నా అనే మొక్క పసరుతో పనిచేస్తూండగా ఒక చుక్క చింది కంట్లో పడింది. కంటిపాప విచ్చుకుపోయింది. బెల్లడోన్నా కూడా ఉమ్మెత్త కుటుంబానిదే, విషమూ ఒక్కటే. అతడు భయపడి ఊరుకోలేదు, ఆ సంగతినే పరీక్షగా మార్చాడు. విషం కలిసిందని అనుమానం ఉన్న పదార్థపు రసం ఒక చుక్క పిల్లి కంట్లో వేస్తే, విషం ఉంటే పాప విచ్చుకుంటుంది. 1819లో జేనా పట్టణంలో మహాకవి గేటే ఈ వింత చూపించమన్నాడు. రుంగే ఒక పిల్లిని చంకలో పెట్టుకుని వెళ్లి చూపించాడు. ఒక కన్ను మామూలుగా, ఒక కన్ను నల్లని గుంటలాగా. గేటే మెచ్చుకుని, వీటిని కూడా పరీక్షించి చూడమని కాఫీగింజలు ఇచ్చి పంపాడు. కొద్దికాలానికే రుంగే వాటినుంచి కఫీన్‌ను వేరుచేశాడు. మనం ప్రొద్దున్నే త్రాగే కాఫీలోని ఉత్తేజం ఏమిటో తెలియడానికి కూడా ఇట్లా ఒక విషపు మొక్కే దారి చూపింది.

1833 నాటికి జర్మనీ రసాయనికులు ఈ విషాన్ని శుద్ధంగా వేరుచేసి ప్రకటించారు. దాని పేరు ఆట్రోపిన్. ఉమ్మెత్తలో ఆట్రోపిన్, హయోసయమిన్, స్కోపోలమిన్ అనే మూడూ ఉన్నాయి. నరాలనుంచి కండరాలకూ గ్రంథులకూ ఆజ్ఞలు మోసే పదార్థం ఒకటి మన ఒంట్లో ఉన్నది. దాని పేరు అసిటైల్ కోలిన్. స్టేషన్ మాస్టరు ఇచ్చిన లైను క్లియరు డ్రైవరుకు చేరకుండా మధ్యలో ఎవరో అడ్డినట్లు, ఈ విషాలు ఆ ఆజ్ఞను చేరనివ్వవు. ఉమ్మి గ్రంథికి ఆజ్ఞ అందక నోరు ఎండుతుంది. చెమట గ్రంథికి అందక ఒళ్లు కాలిపోతుంది. కంటిపాపను ముడిచే కండరానికి అందక పాప విచ్చుకుంటుంది. గుండెను నెమ్మదిగా నడిపే నరం మాట చెల్లక గుండె పరుగెత్తుతుంది. మూత్రం బిగుస్తుంది. మెదడులో అదే జరిగితే మతి తప్పుతుంది.

కూరలో వచ్చిన విషం

దొంగలు పెట్టిన విషం కంటె పొరపాటున తిన్న విషం ఎక్కువ దుఃఖం. 1676లో అమెరికాలోని వర్జీనియాలో బేకన్ అనే అతని తిరుగుబాటు జరిగింది. దానిని అణచడానికి జేమ్స్‌టౌన్ వచ్చిన ఆంగ్ల సైనికులు కొందరు అక్కడ పెరిగే లేత ఉమ్మెత్త ఆకు కోసి ఆకుకూరగా వండుకుతిన్నారు. పదకొండు రోజులు పసిపిల్లల చేష్టలు చేశారట. ఒకడు గాలిలో ఈకను ఊదుతూ కూర్చున్నాడట. తేరుకున్నాక ఒక్కరికీ ఏమీ జ్ఞాపకం లేదట. ఈ సంగతి 1705లో రాబర్ట్ బెవర్లీ అనే చరిత్రకారుడు వ్రాశాడు. అందుకే అమెరికాలో ఈ మొక్కకు జేమ్స్‌టౌన్ కలుపు అని పేరు వచ్చి, వాడుకలో జిమ్సన్ కలుపు అయింది. కొత్త దేశానికి వచ్చి ఆ దేశపు ఆకు తెలియక తిన్నవాళ్లు వాళ్లు. ఊరు మారిన ఇల్లాలు చేలగట్టుమీద కోసుకువచ్చిన తోటకూరలో ఒక లేత ఉమ్మెత్త రెమ్మ కలిస్తే మన ఇంట్లో జరిగేదీ అదే.

న్యాయం చెప్పాలంటే, ఈ మొక్కవల్ల జరిగిన మేలు కూడా తక్కువది కాదు. 1802 ప్రాంతంలో మద్రాసులో పెద్ద వైద్యాధికారిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చమని చెప్పగా, జెంట్ అనే సేనాని ఆ వైద్యాన్ని ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. ఉబ్బసపు చుట్టలు తరువాత నూరేండ్లకు పైగా అమ్ముడుపోయాయి. 1804లో జపాన్‌లో హనఓకా సేషూ అనే వైద్యుడు ఉమ్మెత్త కలిపిన మందుతో రోగికి స్మృతి తప్పించి రొమ్ము పుండుకు శస్త్రచికిత్స చేశాడు. ఐరోపాలో మత్తుమందు రావడానికి నలభై ఏండ్ల ముందు మాట ఇది. ఈనాడు పురుగుమందు త్రాగినవాళ్లను బతికించడానికి ఆసుపత్రిలో ఎక్కించేది ఆట్రోపిన్‌నే. ఉమ్మెత్త విషానికి విరుగుడు కూడా మరొక విషమే కావడం విచిత్రం. ఆఫ్రికాలో కలబార్ అనే చోట నేరస్థులను పరీక్షించడానికి తినిపించే ఒక చిక్కుడుగింజ ఉన్నది. 1864లో ప్రేగ్ నగరంలో ఆట్రోపిన్ తిని మతి తప్పిన ఖైదీలకు దాని సారం ఇచ్చి చూస్తే తేరుకున్నారు. ఆ సారంలోని మందు ఈనాటికీ వైద్యుల చేతిలో ఉన్నది. అయితే అది ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో డాక్టరు నిర్ణయించవలసిందే.

రెండింటికీ భేదం

పక్షవాతమంటే మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోవడమో, పగలడమో. సాధారణంగా అది ఒక ప్రక్కనే పట్టుకుంటుంది. మూతి ఒక వైపుకు వంకర పోతుంది, ఒక చెయ్యి బరువెక్కి జారుతుంది, మాట తడబడుతుంది. ఇదంతా ఉన్నట్టుండి వస్తుంది. ఉమ్మెత్త కడుపులోకి పోతే రెండు ప్రక్కలా ఒక్కటే తీరు. రెండు కంటిపాపలూ విచ్చుకుంటాయి, నాలుక పిడచకట్టుకుపోతుంది, ఒళ్లు వేడిగా పొడిగా ఎర్రగా ఉంటుంది, లేనివాళ్లతో మాట్లాడుతారు. పసరు ఒక కంటికి మాత్రం తగిలితే ఆ కన్ను ఒక్కటే మారుతుంది, మనిషి తెలివిగానే ఉంటాడు. దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి, వెలుతురు భరించలేడు.

వ్రాయడానికి ఇంత స్పష్టంగా ఉన్నది. కాని ముసలివాళ్లలో మాట తడబడి, అడుగు తూలి, ఎదుటివాళ్లను గుర్తించలేకపోయినప్పుడు ఇది విషమా, వాతమా అని తేల్చడం చదువుకున్న వైద్యులకే కష్టం. స్కాన్ తీసి, రక్తం పరీక్షించి, అప్పుడు గాని చెప్పరు. అటువంటిది వీధిలో చేరిన పదిమంది ఎట్లా తేలుస్తారు?

ఈ తీర్పు ఇంట్లో చెప్పవద్దని మేము ఇంత గట్టిగా అనడానికి ఒక కారణం ఉన్నది. అది మా ఇంటి సంగతి.

మా నాన్నగారు రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైనారు. అత్తయ్యగారి సంగతికి చాలా ఏండ్ల ముందు, ఒక రాత్రి పెళ్లి భోజనం చేసి వచ్చి మంచినీళ్లు అడిగారు. గ్లాసు చేతిలోనుంచి జారింది. మాట ముద్దగా వచ్చింది. తిన్నది పడలేదన్నాము. పాత తగాదా ఉన్న బంధువు వడ్డించాడు గనుక ఏదో మందు పెట్టి ఉంటాడని ఇంట్లో ఒకరన్నారు. మందు కక్కించేవాడు ఫలానా వీధిలో ఉన్నాడు, ప్రొద్దున్నే పిలిపిద్దామన్నారు. మేము మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాము. తెల్లవారేసరికి కుడిచెయ్యీ కుడికాలూ పోయాయి. నలభై ఏండ్లు పాయింట్లు తిప్పిన చెయ్యి అది. నాన్నగారు ఆ తరువాత ఆరేండ్లు బతికారు. ఒక్కనాడూ మమ్మల్ని ఒక మాట అనలేదు. అన్నా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

నాళం మూసుకుపోయిన పక్షవాతానికి గడ్డ కరిగించే మందు ఉన్నది. 1995లో అమెరికాలో జరిగిన పరిశోధనలో మొదటి 3 గంటలలోపల ఇస్తే మేలు కలుగుతుందని తేలింది. 2008లో ఐరోపా పరిశోధన దానిని నాలుగున్నర గంటలకు పెంచింది. ఆ గంటలు మేము మజ్జిగతోనూ అనుమానంతోనూ గడిపాము. అత్తయ్యగారి ఇంట విషాన్ని పక్షవాతమనుకున్నాము. మా ఇంట పక్షవాతాన్ని విషమనుకున్నాము. రెండు చోట్లా పొరపాటు ఒక్కటే. తెలియని సంగతిని తెలిసినట్లు నిర్ణయించుకుని ఇంట్లో కూర్చున్నాము. ఆమెకు అదృష్టం ఉన్నది, నాన్నగారికి లేదు.

చదువరులకు మనవి

కంటిపాప మారినా, మూతి వంకరైనా, మాట తడబడినా, మనిషి తెలివి తప్పినా, పేరు పెట్టడం మానుకుని ఆసుపత్రికి బయలుదేరండి. 108కి ఫోను చేయండి. మనవాళ్లు స్థిరపడ్డ చాలా రాష్ట్రాలలో ఆ నంబరు పనిచేస్తుంది. మర్దనలు వద్దు. నోట్లో మజ్జిగా, చింతపండు రసం, నాటు మందూ పోయవద్దు, కక్కించవద్దు. మ్రింగలేని మనిషికి పోసిన నీళ్లు ఊపిరితిత్తులలోకి పోతాయి. మనిషి ఎప్పటిదాకా బాగున్నాడో గడియారం చూసి జ్ఞాపకం పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.

రెండోది, ఏమి తిన్నారు, ఏమి ముట్టుకున్నారు అని ఇంట్లో అందరినీ, ముఖ్యంగా పిల్లలనూ, కోపం లేకుండా అడగండి. నిజం తెలిసినవాడు తన్నులకు భయపడి మూల నిలబడి ఉండవచ్చు. అనుమానమున్న మొక్క రెమ్మ దొరికితే కాగితంలో చుట్టి వెంట తీసుకుపోండి, తరువాత చేతులు కడుక్కోండి. చవితిపత్రి కోసినప్పుడు కూడా చేతులు కడుక్కోకుండా కన్ను ముట్టవద్దు. ఆ పత్రిలోనే ఉండే గన్నేరు, జిల్లేడు కూడా విషాలే. దేవుడికి పెట్టడం మానవలసిన పని లేదు, జాగ్రత్త పడితే చాలు.

మూడోది మనబోటి వలస కుటుంబాలకు ప్రత్యేకం. ఉమ్మెత్తను ఒడియాలో దుదురా అంటారు. మరాఠీలో ధోత్రా. తమిళంలో ఊమత్తై. కన్నడంలో ఉమ్మత్తి అనీ, దత్తూర అనీ అంటారు. ఈ మాటలన్నీ పిల్లలచేత పలికించండి. ఇంట్లో తెలుగు నిలుపుకోవాలని మన సంఘం ఏటా తీర్మానం చేస్తున్నది, మేమూ చెయ్యెత్తుతున్నాము. దానితోపాటు మనకు అన్నం పెడుతున్న నేల భాషలో చెట్టుకూ చేమకూ ఏమి పేరో కూడా తెలిసి ఉండాలి. ఆ రాత్రి ఆసుపత్రిలో మా పెద్దలందరి తెలుగు ఆగిపోయిన చోట, ఒక పిల్లవాడి ఒడియా మాట దారి చూపింది.

అత్తయ్యగారు ఈ ఏడు కూడా పత్రి ఇరవైయొక్క రకాలూ కావాలనే అంటున్నారు. కోయడానికి మాత్రం మనుమడు పాత సంచి గుడ్డ చేతికి చుట్టుకుని వెళుతున్నాడు. తండ్రి ఇప్పుడు అడ్డు చెప్పడం లేదు.

సంఘ సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఈ ఏడు మన ఇళ్లలో చేదు ఉగాది పచ్చడిలోనే ఉండుగాక.